ఊపిరి వంతు

కూర్చున్నాం. ఇక ఆర్కెస్ట్రానీ మమ్మల్నీ నడిపించే హెల్కా చెయ్యెత్తే దాకా లేవడానికి లేదు, దగ్గడానికి లేదు, మాట్లాడుకోవడం సంగతి సరేసరి. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చర్చిలో మొదటి బల్ల మీద కూర్చున్నవాళ్ళలా బుద్ధిగా ఉండాలి, ఆర్కెస్ట్రా వెనక మెట్లు మెట్లుగా కట్టిన అరుగుల మీద నల్ల కోట్లేసుకున్న కోరస్ మగాళ్ళం ఇంతమందిమి, ఎదురుగా నిండిన హాలు. ఈ కృతి సంగతే అంత. గంటకు పైగా సాగుతుంది, మొదటి భాగం మొత్తం వాద్యాలదే, రెండోది వాద్యాలూ ఒక ఆడగొంతూ, మూడో భాగం వస్తే గానీ మాతో పని లేదు. రాసినాయన కుర్రతనంలో రాశాడట, కుర్రవాడు కాబట్టే ముసలాళ్ళ నడుముల గురించి ఆలోచించలేదు. నా నడుము పొద్దున్నే పోయింది. తెల్లారేసరికి మా మెట్ల దగ్గర మోకాలి లోతు మంచు, నేను కాకపోతే ఎవరు తీస్తారు, పార పట్టుకుని తీస్తూనే ఉన్నాను, తీసినచోటే మళ్ళీ కురుస్తూనే ఉంది. ఫిబ్రవరి మీద నాకు విసుగొచ్చేసింది. ఈ హాలు మీద, ఈ గట్టి కాలరు మీద, ప్రతి ఏడూ ఈ ఆదివారం మధ్యాహ్నం తిరిగి తిరిగి పాడే ఈ కథ మీద విసుగొచ్చేసింది. ఈ వయొలిన్ల హోరులోనే కళ్ళు మూసుకుంటే నిద్రపోగలను. కానీ నిద్ర రాదు, పక్కన మా అన్నయ్య ఊపిరి వినిపిస్తోంది.

వినిపించకూడదు నిజానికి. ఇన్ని వాద్యాల మధ్య మనిషి ఊపిరి వినిపించడమేమిటి? అయినా తౌనో ఊపిరి నాకు కొత్త కాదు, ముప్ఫై ఏళ్ళుగా ఈ కుడి చెవి పక్కనే ఉంది. ఇదివరకు అసలు తెలిసేదే కాదు, ఎప్పుడు తీసేవాడో ఎప్పుడు వదిలేవాడో. ఇప్పుడు లోపలికి వెళ్ళేటప్పుడు ఎండుగడ్డి మీద అడుగేసినట్టు సన్నని చప్పుడు, బయటికి రావడం ఆలస్యం, వస్తుందా రాదా అని లెక్కపెట్టుకుంటున్నాను, వచ్చింది, మళ్ళీ ఎదురుచూపు. వాద్యాలు ఏం వాయిస్తున్నాయో ఒక్క ముక్క తలకెక్కడం లేదు. అంతా ఇర్యా వదిన చెప్పినందువల్లే. చెప్పకపోతే హాయిగా నడుంనొప్పి గురించి విసుక్కుంటూ కూర్చునేవాణ్ణి.

కోట్లు తగిలించే చోట చెయ్యి పట్టుకుని మూలకి లాగింది వదిన, నేనింకా బూట్ల మంచు దులుపుకుంటున్నాను. మా అన్నదమ్ములకి మాటల్లేని ఈ పదకొండేళ్ళలో ఆవిడ నాతో చాటుగా మాట్లాడటం అదే మొదటిసారి. "ఒస్మో, టైము లేదు, వినిపించుకో. డాక్టర్లు పాడొద్దన్నారు" అంది. "ఎవర్ని వదినా?" అన్నాను. "నన్నా మరి! మీ అన్నయ్యని. ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదట. మిల్లులో ఆవిరి గొట్టాలకి చుట్టేవాడే తెల్ల పీచు, ఆ ధూళి అంతా లోపలే పేరుకుపోయిందట. వేసవి చూస్తాడో లేదో అన్నారు." నేనేమన్నాను? "అలాగా" అన్నాను. "అలాగా ఏమిటి, అలాగా! ఇద్దరూ ఇద్దరే, బెల్లం కొట్టిన రాళ్ళు. మిమ్మల్ని పెంచిన తల్లికి దండం పెట్టాలి" అని కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నా కాలరు సరిచేసింది, ఎప్పుడో నా పెళ్ళినాడు సరిచేసినట్టు. "రావొద్దంటే వినడు. పెదవులు కదుపుతాను, గొంతు తీయను అని నాకు మాటిచ్చాడు. పక్కనే ఉంటావుగా, కనిపెట్టి ఉండు. నీకు చెప్పానని తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వడు." ఇంతవరకూ అయితే సర్దుకునేవాణ్ణే. వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి ఇంకో మాట అంది. "ఈ జబ్బు ఇవాళ్టిది కాదట ఒస్మో. సౌనా కాలిపోయిన ఏడే ఉందట. గుర్తుందా, ఆ వేసవంతా కూర్చున్నచోటే కునికేవాడు. బద్ధకమని తిట్టిపోసేదాన్ని నేను."

మొదటి భాగం అయిపోయింది. ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు, దగ్గుతారు. ఇంతసేపూ బిగబట్టుకున్న జనమంతా ఒక్కసారి దగ్గుతారు, ముక్కులు చీదుతారు, ఫిన్లాండ్ మొత్తానికి జలుబు చేసినట్టు ఉంటుంది. అన్నయ్య కూడా ఆ గుంపు దగ్గులో తన దగ్గు కలిపేశాడు. తెలివైనవాడే. కానీ అందరివీ ఆగిపోయాక కూడా అతనిది ఆగలేదు, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు, హెల్కా రెండు చేతులూ గాల్లో పెట్టి ఎదురుచూస్తోంది, వయొలిన్లవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. నా కోటు జేబులో దగ్గుకి చప్పరించే తారు బిళ్ళలున్నాయి. కాగితం చప్పుడు కాకుండా ఇంటి దగ్గరే ఒలిచి జేబులో వేసుకొస్తాం అందరం, జేబులో నూలు పోగులు అంటుకుని చూడటానికి రోతగా ఉంటాయి గానీ గొంతుకి మంచివి. ఒకటి తీసి అరచేతిలో పెట్టి మోకాలి మీద అలా ఉంచాను, అతనికి కనబడేట్టు. చూశాడు. చూసి, హాలు చివరి గోడ వైపు చూపు తిప్పుకున్నాడు. పంతానికి పుట్టాడు. చస్తూ కూడా నా చేతిలోది తీసుకోడు. హెల్కా చేతులు కదిలాయి, రెండో భాగం మొదలైంది, నా అరచేతిలో బిళ్ళ కరగడం మొదలైంది.

మాటల్లేని మనుషులు పక్కపక్కన ఎలా నిలబడతారని ఊళ్ళో అడుగుతారు. ఎక్కడికి పోతాం? అట్టడుగు మంద్రానికి గొంతులు దొరకవు, ఇద్దరం ఒకే ఎత్తు, పైగా వంతు ఉంది. పాటలో కొన్నిచోట్ల ఒక స్వరం ఒక మనిషి ఊపిరికి అందనంత పొడుగు సాగుతుంది, వినేవాళ్ళకి ఎక్కడా తెగినట్టు తెలియకూడదు. అందుకని పక్కపక్కవాళ్ళు ఒప్పందం చేసుకుంటారు, నువ్వు ఇక్కడ తీసుకో, నేను అక్కడ తీసుకుంటాను అని. మాది పాత ఒప్పందం, పెద్దాడు ముందు, చిన్నాడు తర్వాత. అన్నయ్య ఆగి ఊపిరి తీసుకుంటాడు, ఆ కాసేపూ స్వరాన్ని నేను మోస్తాను. అతను గొంతు కలిపాక మోచేత్తో నా మోచేతిని తాకుతాడు, అప్పుడు నేను ఆగుతాను. అంతే. కచేరీ అయ్యాక కార్ల దగ్గర ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు, అమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తులు కూడా వేరువేరు వేళల్లో వెలిగించేవాళ్ళం, కానీ మోచెయ్యి ఏనాడూ తప్పలేదు. ఈ పదకొండేళ్ళలో మా అన్నయ్య నాతో మాట్లాడింది ఏదైనా ఉంటే ఆ మోచెయ్యే. నిజం చెప్పాలంటే ఆదివారం ఆదివారం ప్రాక్టీసుకి నేను దాని కోసమే వచ్చేవాణ్ణేమో.

అమ్మ చెప్పేది, తూర్పున, ఇప్పుడు సరిహద్దుకి అవతల పడిపోయిన ఊళ్ళో, మా తాతా ఆయన తమ్ముడూ పాటగాళ్ళట. బల్ల మీద ఎదురెదురుగా కూర్చుని, మోకాలికి మోకాలు ఆనించి, చేతులు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఇలాంటి కథలే పాడేవాళ్ళట. ఒకరు ఒక పంక్తి అంటే రెండోవారు అదే పంక్తిని కాస్త మాట మార్చి తిరిగి అనాలి. మంచు కురిసింది అని తాత అంటే, తెల్లటిది రాలింది అని చిన్నతాత. చెప్పిందే ఎందుకమ్మా మళ్ళీ చెప్పడం, సుత్తి కాదూ, అని అన్నయ్య వెక్కిరించేవాడు. "నోరు ముయ్యరా, ఒకడు పాడుతుంటే ఇంకోడు ఊపిరి పీల్చుకోవద్దా? అయినా ఒక్కడే అన్న మాట గాల్లో పోతుంది. రెండోవాడు తిరిగి అంటేనే నిలుస్తుంది" అనేది అమ్మ. చెరువు గట్టున మా ఆవిరి స్నానాల గది, ఆ సౌనా పై బల్ల మీద నాన్న మమ్మల్నీ అలాగే కూర్చోబెట్టేవాడు. రాళ్ళ మీద నీళ్ళు చల్లేవాడు, ఆవిరి వీపు కాల్చుకుంటూ పోయేది, ఇద్దరం ఊపిరి బిగబట్టి ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకునేవాళ్ళం, ఎవడు ముందు వదిలితే వాడు చెరువుకి పరుగెత్తి నీళ్ళు మోసుకురావాలి. పెద్దాడు ముందు, చిన్నాడు తర్వాత అనేవాడు నాన్న నవ్వుతూ, ఎందుకంటే ఎప్పుడూ అన్నయ్యే ముందు వదిలేసేవాడు. కావాలనే వదిలేసేవాడు. నీళ్ళ బకెట్లు నాకు బరువని. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ సౌనాలోనే మేమిద్దరం పుట్టాం, అప్పట్లో మా వైపు కాన్పులు అక్కడే. పొగగొట్టం లేని సౌనా, మసి పట్టిన నల్లటి దుంగలు, నాన్న గొడ్డలితో చెక్కి కట్టినది. దాన్ని కాచడం అంటే సగం రోజు పని. పొయ్యి వెలిగించి, కట్టెలు వేస్తూ, పొగ బయటికి పోనిస్తూ, మనిషి అక్కడే కూర్చోవాలి, కాస్త ఏమరితే మంట దుంగలకి అంటుకుంటుంది. ఆ ఏడు నడివేసవి పండగ ముందురోజు అన్నయ్య కాస్తున్నాడు, నేను వలలు తీయడానికి పడవేసుకుని వెళ్ళాను. నడి చెరువులో ఉండగా పొగ రంగు మారింది. ఎంత తెడ్డేసినా ఒడ్డు దగ్గరపడదే. వచ్చేసరికి కప్పు కూలిపోతోంది, పండగకని గుమ్మానికి కట్టిన బిర్చి చెట్టు కొమ్మలు కూడా భగ్గుమంటున్నాయి, అన్నయ్య ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమైంది అన్నాను. ఏమైంది అన్నయ్యా అని మళ్ళీ అడిగాను. "పాతదేగా" అన్నాడు. అంతే. నాన్న కట్టినది, అమ్మ మమ్మల్ని కన్నది, పాతదేగా. నేను చేపలు అక్కడే ఒడ్డున పారేసి వచ్చేశాను. శరత్కాలం దాకా చూశాను, ఒక్క మాట అంటాడని. క్రిస్మస్ దాకా చూశాను. నా వల్లే పోయిందిరా అంటే చాలు, నేను దుంగలు మోసుకొచ్చి మళ్ళీ కట్టేవాణ్ణి. అనలేదు. చూసి చూసి నాకూ చూడటం అలవాటైపోయింది.

కూర్చున్నచోటే కునికేవాడు. వదిన ఆ మాట అనేసి వెళ్ళిపోయింది, నేను దాన్ని పట్టుకుని ఇక్కడ కూర్చున్నాను. పొయ్యి ముందు, నడివేసవి పట్టపగటి వెలుగులో, మండే నిప్పు పక్కన నిద్రపోయాడు. గుండెల్లో దుమ్ము నింపుకున్న మనిషి నిద్రపోక ఏం చేస్తాడు? అది చెప్పడానికేం? కానీ చెప్పడు. మా వైపు మగాడు అప్పుచేశానని చెబుతాడు, తాగానని చెబుతాడు, అలసిపోయానని మాత్రం చచ్చినా చెప్పడు. మిల్లులో నలభై ఏళ్ళు ఒక్కరోజు సెలవు పెట్టని తౌనో, నిప్పు కాయడం చేతకాక నిద్రపోయాడనిపించుకోవడం కన్నా, పొగరుబోతు అనిపించుకోవడం మేలనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, పొగరుబోతని. ఇప్పుడు ఆ సంగతి తెలిసిందని చెప్పాలి, ఇక్కడే పక్కనే ఉన్నాడు, వేలెడు దూరంలో, నోరు మెదపడానికి లేదు. వేసవి చూస్తాడో లేదో. కచేరీ అయ్యాక వదిన కారెక్కించుకుని పోతుంది, తలుపు వేస్తుంది, నేను మళ్ళీ పార పట్టుకుంటాను.

ఎర్ర గౌనులో ఆ పాటగత్తె లేచి నిలబడింది. తల్లి గొంతు ఆమెది. కథలో ఇద్దరు అన్నదమ్ములు, దీవిలో పెద్దాడు, ఒడ్డున చిన్నాడు, ఇద్దరికీ ఒకటే పడవ. వల దగ్గర తగాదా పడ్డారు. చలికాలం రాబోతుండగా పెద్దాడి పొయ్యి ఆరిపోయింది, నిప్పు తెచ్చిపెట్టరా తమ్ముడూ అని నీళ్ళ మీదుగా పిలిచాడు, చిన్నాడు విన్నాడు, కదల్లేదు. ఇక తల్లి అడుగుతూనే ఉంటుంది, నీ అన్న పొయ్యిలో పొగ కనబడదేంరా, నీ అన్న గడపలో అడుగు కనబడదేంరా. ప్రతి ఏడూ ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండేది, మా ఇంటి సంగతి ఎవడో చెప్పి రాయించినట్టు. ఆ చిన్నాడు నేను కాదు, నేను నిప్పు ఇవ్వననలేదు, నిప్పు వల్లే తగలబడింది మాది అని లోలోపల వాదించుకునేవాణ్ణి. ఇవాళ వాదించే ఓపిక లేదు. అడగనీ.

హెల్కా చెయ్యెత్తింది. అందరం ఒక్క ఊపులో లేవాలి. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. అన్నయ్య సగంలో ఆగిపోయాడు, ముందు వరస కుర్చీ వీపు పట్టుకున్నాడు, నేను అతని చంక కింద చెయ్యి వేసి లేపాను. నిలబడగానే విదిలించుకున్నాడు. మంచిదే. పాడటం మొదలుపెట్టాం, పుస్తకాలుండవు, అంతా నోటికొచ్చినదే, మంద్రంలో అందరం ఒకే స్వరం మీద కథ చెప్పుకుంటూ పోతాం, తల్లి అడుగుతుంది, చిన్నాడి బదులు మేం బొంకుతాం, గాలి ఎక్కువగా ఉందమ్మా, పడవకి చిల్లు పడిందమ్మా. అన్నయ్య పెదవులు కదులుతున్నాయి. గొంతు లేదు. వదినకిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాడు. కుడి చెవి పక్కన ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఖాళీ, ఆ ఖాళీలోంచి ఎండుగడ్డి చప్పుడు. సరేలే, మోయగలను, ఇద్దరి వంతూ నేనే మోస్తాను, పొద్దున్నుంచీ మంచు మోయలేదా, అదీ అంతే అనుకున్నాను. ఊపిరి ఎక్కడ దొరికితే అక్కడ దొంగతనంగా తీసుకుంటున్నాను. వంతు చెప్పే మోచెయ్యి లేదు.

చివరి భాగం. గడ్డకట్టిన నీళ్ళ మీద చిన్నాడు కుండలో నిప్పు పెట్టుకుని నడిచి వెళతాడు, దీవి కనబడుతుంది, గుమ్మం ముందు కూర్చున్న మనిషి కనబడతాడు, కదలడు. అప్పుడు పిలుస్తాడు. అన్నా, అని ఒక్కటే మాట. పై గొంతులన్నీ ఆగిపోతాయి, వాద్యాలు ఒక్కొక్కటే తప్పుకుంటాయి, ఆ ఒక్క మాట అట్టడుగు మంద్రంలో మేం కొద్దిమందిమే పట్టుకుని నిలబెట్టాలి, హెల్కా చెయ్యి కిందికి దిగేదాకా. "గోడలా ఉండాలి, ఎక్కడా పగులు కనబడకూడదు" అని ప్రాక్టీసులో ప్రాణం తీసింది. వచ్చింది ఆ చోటు. నోరు తెరిచాను, మొదలుపెట్టాను, బాగానే ఉంది, గుండెల్లోంచి వచ్చింది, ఇక్కడ అన్నయ్య ముందు ఆగుతాడు, అలవాటు కొద్దీ అతని వంతు కోసం చూశాను, అతను లేడని గుర్తొచ్చింది. ఇక ముందు కూడా లేడని గుర్తొచ్చింది. అంతే, గొంతు పట్టేసింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు, కళ్ళ నిండా నీళ్ళు, హెల్కా ముఖం అలుక్కుపోయింది. గోడ పగిలింది, అయిపోయింది అనుకున్నాను.

పగల్లేదు. నా కుడి చెవి పక్కన ఆ స్వరం ఉంది. గరుగ్గా, పాతగా, నేలలోంచి వచ్చినట్టుగా తౌనో గొంతు. పెదవులు కదుపుతానన్న మనిషి. ఏమీ మిగల్లేదన్న ఊపిరితిత్తులతో నా వంతూ తన వంతూ కలిపి పట్టుకుని నిలబడ్డాడు, మెడ నరాలు ఉబ్బిపోయాయి, కోటు బొత్తాలు వణుకుతున్నాయి. ఆపు అన్నయ్యా, చచ్చిపోతావు, అనబోయాను, అనడానికి నా దగ్గర గొంతేదీ? అప్పుడు తాకింది మోచెయ్యి. నేను పట్టుకున్నాను, నువ్వు పీల్చుకో అని. పీల్చుకున్నాను. ఏడుపుతో కలిపి, వెక్కుతూ, రెండుసార్లు పీల్చుకున్నాను. గొంతు వచ్చింది. కలిపాను. నా మోచెయ్యి అతనికి ఆనించాను, అన్నయ్య ఆగాడు. మిగతాదంతా నేను మోశాను, హెల్కా చెయ్యి దిగేదాకా, దిగాక కూడా కాసేపు.

తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత చప్పట్లు, హాలంతా లేచి నిలబడింది. మేం ఇంకా కూర్చోకూడదు, నిటారుగా ఎదురుగా చూస్తూ ఉండాలి. ఆ హోరులో ఎవరు ఏమన్నా ఎవరికీ వినబడదు. అన్నయ్య కుర్చీ వీపు పట్టుకుని వగరుస్తున్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు, చూపు మాత్రం ఎదుటి గోడ మీదే.

"నా వంతులో ఊపిరి తీశావు" అన్నాడు.

పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట. నేనూ గోడనే చూస్తూ, "పాడనని మాటిచ్చావటగా" అన్నాను.

"మీ వదినకిచ్చాను. నీకేమైనా ఇచ్చానా?"

"చచ్చేవాడివి తెలుసా?"

"నీ గొంతు వింటూ చావడం కన్నా నయమే." దగ్గు వచ్చింది, చాలాసేపు దగ్గాడు, నేను నడుం చుట్టూ చెయ్యి వేశాను, ఈసారి విదిలించుకోలేదు. కోటు లోపల మనిషి ఎంత తేలికైపోయాడో అప్పుడు తెలిసింది. "ఆ బిళ్ళ ఉందా, మింగేశావా?" అన్నాడు. అరచెయ్యి తెరిచాను. సగం కరిగి, నల్లగా, నా చర్మానికి అంటుకుపోయి ఉంది. గోటితో గీకి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ముందు వరసలో ఇర్యా వదిన చప్పట్లు కొట్టడం మానేసి మమ్మల్నే చూస్తోంది. హెల్కా మమ్మల్ని చూపిస్తూ చెయ్యి చాచింది, జనం ఇంకా గట్టిగా కొట్టారు. అన్నయ్య నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు, చల్లగా జిగటగా ఉంది ఆ చెయ్యి.

"ఆ రోజు... నిద్రపట్టేసిందిరా" అన్నాడు.

ఇంతకాలం ఈ మాట వస్తే ఏమనాలో ఎన్నిరకాలుగానో అనుకుని పెట్టుకున్నాను. అవన్నీ వదిలేశాను. చిన్నతాత అన్నట్టే అన్నాను, కాస్త మాట మార్చి.

"కునుకు పట్టింది, అన్నయ్యా" అన్నాను.